షుగర్ ఉన్నవాళ్ల చర్మంలోకి దిగే ఫంగస్: ఎక్కడికి వెళ్లాలి, ఏ పరీక్ష అడగాలి, ఏ మందు ఎవరికి

షుగర్ ఉన్న మనిషికి కాలి మీదో చేతి మీదో పుండు పడి ఎర్రగా వాచిందంటే ఇంట్లో సలహాలకు కొదవ ఉండదు. పసుపు అద్దమని ఒకరు, మెడికల్ షాపులో ట్యూబు తెచ్చి రాయమని ఒకరు, ఆర్ఎంపీ చేత ఇంజెక్షన్ వేయిద్దామని ఇంకొకరు, ఫోటో తీసి అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపిస్తే వాడి ఫ్రెండ్ డాక్టరే కదా అని మరొకరు. చాలా పుండ్లు మామూలువే కాబట్టి చాలాసార్లు వీటిలో ఏది చేసినా గండం గడిచిపోతుంది. చిక్కల్లా మిగతా కొద్ది పుండ్లతోనే. చర్మం పైపొర దాటి కొవ్వులోకి, కండలోకి, రక్తనాళాల్లోకి దిగే ఫంగస్ అయితే రెండు మూడు రోజుల జాప్యానికే వేలితో పోయేది పాదం దాకా వస్తుంది, పాదంతో పోయేది ప్రాణం దాకా వస్తుంది.

ఇలాంటప్పుడు కుటుంబం ముందు మూడు ఎంపికలు ఉంటాయి: ఎక్కడికి వెళ్లాలి, ఏ పరీక్ష చేయించాలి, ఏ మందు ఎక్కించాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందరూ మొదట మందు గురించి అడుగుతారు గానీ, ఆ ప్రశ్న చివర రావాలి. పుండులోంచి చిన్న ముక్క తీసి అదే రోజు మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవాళ్లు ఎక్కడున్నారు అన్నదే ముందు తేల్చుకోవాలి. మిగతా రెండు ఎంపికలూ దాని మీదే నడుస్తాయి.

పైపైన ఉండేదా, లోపలికి దిగేదా

తామర, కాలివేళ్ల సందులు పాచిపోవడం, గజ్జల్లో, రొమ్ముల కింద, పొట్ట మడతల్లో ఎర్రగా ఒరుసుకుపోవడం షుగర్ ఉన్నవాళ్లలో తరచూ చూసేవే. తామర ఫంగస్ చర్మం మీది చచ్చిన పొరలో, గోళ్లలో, వెంట్రుకల్లో బతుకుతుంది. మడతల్లో వచ్చేది ఎక్కువగా కాండిడా అనే ఇంకో ఫంగస్. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు చక్కెర మూత్రంలో పోతుంది కాబట్టి జననాంగాల దగ్గర ఈ కాండిడా బెడద ఇంకాస్త ఎక్కువ. వీటన్నిటిలోనూ దురదే ప్రధానం. వారాల తరబడి మెల్లగా పాకుతాయి, జ్వరం రాదు, మనిషి డీలా పడడు. చిరాకు పెడతాయి గానీ ప్రాణం తీయవు.

లోపలికి దిగేది వేరే రకం. మన దేశంలో ఇందులో ముఖ్యమైనది మ్యూకార్ కుటుంబం. 2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు బ్లాక్ ఫంగస్ పేరుతో ఇంటింటికీ తెలిసింది అదే. అప్పట్లో తెలంగాణ ప్రభుత్వం మే నెలలోనే దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బారులు కట్టిన జనాన్ని టీవీలో అందరూ చూశారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద 50 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. అప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి ముక్కు, సైనస్, కన్ను. చర్మానికి వచ్చేదీ అదే కుటుంబం, కానీ అది ముక్కులోంచి కాకుండా గాయంలోంచి వస్తుంది.

ఏ గాయాలు? మట్టి కొట్టుకున్న రోడ్డు ప్రమాదపు గాయం, పొలంలో ముల్లు గుచ్చుకున్నది, కాలిన చోటు, కండకు వేసిన ఇంజెక్షన్ చోటు, సెలైన్ సూది పెట్టిన చోటు, చాలా అరుదుగా ఇన్సులిన్ పొడుచుకునే చోటు. మన దగ్గర చర్మపు కేసుల్లో తరచూ బయటపడే అపోఫిసోమైసిస్ అనే రకాన్ని మొట్టమొదట గుర్తించింది ఉత్తర భారతంలోని ఒక మామిడితోట మట్టిలో, 1979లో. మట్టి గాయంలోకి బలంగా దిగితే షుగర్ లేనివాళ్లకూ ఇది వస్తుందని 2011 మేలో అమెరికాలోని జాప్లిన్ పట్టణాన్ని కొట్టిన టోర్నడో చూపించింది. గాయపడినవాళ్లలో 13 మందికి ఈ జాతి ఫంగస్ సోకి 5 మంది చనిపోయారు. 13 మందిలో షుగర్ ఉన్నవాళ్లు ఇద్దరే.

మరి షుగర్‌కు అంత భయం ఎందుకు? రక్తంలో చక్కెర ఎక్కువైతే ఫంగస్‌ను పట్టి చంపాల్సిన తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. దానికి కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) తోడై రక్తం ఆమ్లంగా మారితే, అంటే కీటోఅసిడోసిస్ వస్తే, ప్రొటీన్లకు అతుక్కుని ఉండాల్సిన ఇనుము వదులైపోతుంది. మ్యూకార్ పెరగడానికి కావాల్సింది సరిగ్గా ఆ ఇనుమే. అందుకే కీటోఅసిడోసిస్‌లో ఉన్న మనిషికి పుండు నల్లబడుతుంటే డాక్టర్లు అంత హడావుడి పడతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పైన చెప్పిన డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలు వాడేవాళ్లలో షుగర్ 180, 200 దగ్గరే ఉన్నా కీటోన్లు పెరిగిపోవచ్చు. గ్లూకోమీటర్ చూసి "షుగర్ బాగానే ఉందిగా" అని ఊరట పడే ఇళ్లు ఉంటాయి. వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే ఆ అంకెను నమ్మకుండా కీటోన్లు చూపించుకోవాలి.

ఇక గుర్తుపట్టడం. లోపలికి దిగే ఫంగస్ గంటల్లో, రోజుల్లో ముదురుతుంది. ముందు ఎర్రగా గట్టిగా వాస్తుంది, తర్వాత ఊదారంగుకు తిరుగుతుంది, మధ్యలో నల్లగా మాడినట్టు అవుతుంది, చుట్టూ ఎర్రటి వలయం. కనిపించే పుండుకన్నా నొప్పి ఎక్కువగా ఉంటుంది. ఒక్కోసారి గాయం మీద దూదిలాంటి బూజు కూడా కనిపించవచ్చు. ఆ నలుపు చనిపోయిన చర్మానిది. రక్తనాళాలు అప్పటికే మూసుకుపోయాయని దాని అర్థం. కాబట్టి నల్లబడిందా లేదా అని రోజూ చూస్తూ కూర్చోవడం అంటే ఆలస్యమయ్యేదాకా ఆగడమే.

నొప్పి గురించి ఒక హెచ్చరిక. చాలా ఏళ్లుగా షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకు నొప్పి తెలియదు. "నొప్పి లేదు కదా, పెద్దదేం కాదులే" అన్న మాట వాళ్ల విషయంలో పనికిరాదు. చర్మం చచ్చిపోయాక కూడా నొప్పి పోతుంది. నిన్నటిదాకా విలవిలలాడిన మనిషి ఈరోజు హాయిగా ఉందంటే తగ్గినట్టు కాకపోవచ్చు.

బ్యాక్టీరియా వల్ల వచ్చే సెల్యులైటిస్ మొదటి రోజు అచ్చం ఇలాగే ఉంటుంది, పైగా అదే ఎక్కువగా వచ్చేది. కండపొరలను తినేసే బ్యాక్టీరియా జబ్బూ ఇంతే వేగంగా పాకుతుంది. ఇంట్లో కూర్చుని వీటి మధ్య తేడా కనిపెట్టనక్కర్లేదు, కనిపెట్టలేం కూడా. ఎరుపు అంచున పెన్నుతో గీత గీసి పక్కన టైమ్ రాయండి. గీత గంటల్లోనే దాటుతుంటే, రంగు ఊదాకో నలుపుకో మారుతుంటే, జ్వరమో మగతో ఉంటే నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లాలి. ఇవేవీ లేని మామూలు ఎరుపుకు డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే, రెండు రోజులకు కూడా వెనక్కి తగ్గకపోతే కోర్సు పూర్తయ్యేదాకా ఆగకుండా మళ్లీ వెళ్లి ఫంగస్ సంగతి అడగాలి.

(నెలల తరబడి మెల్లగా పెరుగుతూ రంధ్రాలు పడే మదురా పాదం లాంటివి కూడా లోతైన ఫంగస్ జబ్బులే. వాటి దారి వేరు, వాటికి అర్ధరాత్రి పరుగులు అక్కర్లేదు.)

ఎక్కడికి: షాపు, క్లినిక్, పెద్దాసుపత్రి

మెడికల్ షాపు దారి తామరకైనా జాగ్రత్తగానే పట్టాలి. తామరకు ఏదైనా ఇవ్వమంటే కౌంటర్ మీదికి తరచూ వచ్చేది కలగూర ట్యూబు: ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, వీటితో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్. స్టెరాయిడ్ వల్ల ఒక్క రోజులో దురద తగ్గుతుంది, ఎరుపు మాయమవుతుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతుంది. ఆకారం మారిపోయి తర్వాత చర్మం డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. చర్మం పలచబడి చీరుకుపోతే కొత్త గాయం తెరుచుకున్నట్టే. ట్యూబు మీద పేర్లు చదవండి. లులికొనజోల్, క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్ లాంటి ఒక్క ఫంగస్ మందే ఉంటే ఫర్వాలేదు. పేరు చివర "సోన్", "సాల్", "లోన్" అని ఇంకో మందు కనిపిస్తే అది స్టెరాయిడేమో అడగండి. తెరుచుకున్న పుండు మీద, నల్లబడిన చోట ఏ ట్యూబూ వద్దు.

ఊళ్లో ఆర్ఎంపీ గురించి నేను తేలిగ్గా మాట్లాడను. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆయనే. షుగర్ చూడడానికి, బీపీ చూడడానికి, 108కి ఫోన్ చేయించడానికి ఆయన పనికొస్తారు. వాచిన చోట ఇంజెక్షన్ వేయడం, బ్లేడుతో కోసి చీము తీయడం మాత్రం చేయనివ్వొద్దు. "త్వరగా తగ్గాలి" అని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేస్తే షుగర్ ఎగబాకుతుంది, ఒంటి రక్షణ మందగిస్తుంది. ఈ జబ్బుకు కావాల్సిందీ అదే.

చర్మం డాక్టరు క్లినిక్ తామరకు, కాండిడాకు, ఎంతకీ మానని దద్దుకు సరైన చోటు. గంటల్లో ముదిరే పుండుకు కాదు. మంచి డెర్మటాలజిస్టు అయితే ఒక్క చూపులోనే అనుమానించి పంపించేస్తారు, కానీ అపాయింట్‌మెంట్ ఎల్లుండికి దొరికితే ఆ రెండు రోజులు ఎవరిస్తారు?

పెద్దాసుపత్రి అంటే ఏది? బోర్డు పెద్దగా ఉన్నదని కాదు. ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. పుండు ముక్క తీసి ఈరోజే కేఓహెచ్ (ఫంగస్ కోసం మైక్రోస్కోపు పరీక్ష) చూస్తారా? సర్జన్ రాత్రిపూట కూడా దొరుకుతారా, ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా? ఈ ఫంగస్‌కు మొదట ఇచ్చే ఇంజెక్షన్, లిపోసోమల్ ఆంఫోటెరిసిన్, స్టాకు ఉందా? కిడ్నీ డాక్టరు, డయాలసిస్ అక్కడే ఉన్నాయా? మొదటి రెండింటికి "లేదు" అని జవాబు వస్తే ఆ ఆసుపత్రిలో ఏసీ గది ఎంత బాగున్నా లాభం లేదు. మూడోది బయటనుంచి తెప్పించుకోవచ్చు. నాలుగోది మొదటి రోజు లేకపోయినా నడుస్తుంది, వారం తిరిగేసరికి కావాల్సి రావచ్చు.

ఇక కార్పొరేటా, ప్రభుత్వ బోధనాసుపత్రా? నన్నడిగితే చర్మపు మ్యూకార్‌కు బోధనాసుపత్రిని తక్కువగా చూడొద్దు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి చోట్ల మైక్రోబయాలజీ, పాథాలజీ, సర్జరీ ఒకే ఆవరణలో ఉంటాయి. కుళ్లిన షుగర్ కాళ్లను రోజూ చూసే సర్జన్లు అక్కడ ఉంటారు. ఇబ్బంది బెడ్డు దగ్గర, మందు స్టాకు దగ్గర, చెప్పేవాళ్లు దొరక్క తిరిగే తిప్పట దగ్గర. కార్పొరేట్‌లో మందు వెంటనే మొదలవుతుంది, ఐసీయూ బెడ్డు దొరుకుతుంది, కానీ ఖర్చు రోజురోజుకూ పెరిగి రెండో వారంలో డబ్బయిపోయి మధ్యలో మనిషిని మార్చాల్సిన పరిస్థితి రావచ్చు. మధ్యలో మార్చడం అన్నిటికన్నా చెడ్డది. మొదటి రోజే "మూడు నాలుగు వారాలు ఇక్కడ నెట్టుకురాగలమా" అని లెక్క వేసుకుని చేరండి.

పథకాల సంగతి కూడా చేరేటప్పుడే తేల్చుకోవాలి. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ ఈ జబ్బు చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఇప్పుడు అక్కడ ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 చివర్లో పది లక్షలకు పెరిగింది. మీరు చేరబోయే ఆసుపత్రికి, మీ కేసుకు ఏ ప్యాకేజీ వర్తిస్తుందో, అందులో యాంటీఫంగల్ ఇంజెక్షన్ ధర కలిసి ఉందో లేదో ఆరోగ్యమిత్ర డెస్కులో అడిగి, ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్ పథకంలో పోయి మందు బిల్లు చేతికి వస్తే ఇల్లు గుల్లవుతుంది.

పరీక్ష: స్వాబ్ తుడుపు కన్నా ముక్క మేలు

ఇక్కడే ఎక్కువ సమయం పోతుంది, అందుకే కాస్త వివరంగా.

పుండు మీద దూదిపుల్లతో తుడిచి పంపే స్వాబ్ అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా పనికిమాలినది. లోపల రక్తనాళాల్లో ఉన్న ఫంగస్ పైన తుడిస్తే రాదు. ఒకవేళ ఏదైనా పెరిగినా అది గాలిలోంచి పుండు మీద పడ్డదో, లోపలికి దిగినదో చెప్పలేం. "స్వాబ్‌లో ఏమీ రాలేదండీ" అన్న మాటతో ఇంటికి రావద్దు.

కావాల్సింది అంచు దగ్గర, బతికిన చర్మం చచ్చిన చర్మం కలిసే చోట లోతుగా తీసిన ముక్క. దాన్ని రెండుగా చేస్తారు. ఒక భాగం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో, అంటే కేఓహెచ్‌లో నానబెట్టి వెంటనే మైక్రోస్కోపు కింద చూస్తారు. కాల్కోఫ్లోర్ అనే మెరిసే రంగు కలిపితే ఇంకా బాగా కనిపిస్తుంది. వెడల్పాటి రిబ్బన్లలా, అడ్డగోడలు దాదాపు లేకుండా, ఇంచుమించు లంబకోణంలో కొమ్మలు వేసే దారాలు కనిపిస్తే మ్యూకార్ అనుమానం బలపడుతుంది. సన్నగా, అడ్డగోడలతో, వాలుగా చీలే దారాలైతే ఆస్పర్జిల్లస్ లాంటి వేరే ఫంగస్‌లు. ఈ తేడా గంట రెండు గంటల్లో తెలుస్తుంది, మందు ఎంపిక మొత్తం దీని మీదే మారిపోతుంది. అంత చవకైన పరీక్ష ఇంత పని చేసేది వైద్యంలో అరుదు.

రెండో భాగం బయాప్సీకి. ఫంగస్ కణజాలంలోకి దిగిందని, రక్తనాళం గోడ దాటిందని చెప్పగలిగేది ఇదే. మామూలుగా రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆపరేషన్ థియేటర్ పక్కనే ఫ్రోజెన్ సెక్షన్ (ముక్కను గడ్డకట్టించి వెంటనే కోసి చూడడం) చేసే పాథాలజీ ఉంటే అదే రోజు చూడొచ్చు.

మొదటి భాగంలోంచే కల్చర్‌కు, అంటే ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూడడానికి, కూడా పంపాలి, జాతి తెలుసుకోవడానికి. కానీ దాని కోసం ఎదురుచూడకూడదు. ఫంగస్ ఉన్న కేసుల్లో కూడా దాదాపు సగంలో కల్చర్ ఏమీ పెరగదు. ల్యాబులో ముక్కను మెత్తగా నూరితే మ్యూకార్ దారాలు చచ్చిపోయి అసలే పెరగదు, అందుకే అభ్యర్థన కాగితం మీద "మ్యూకార్ అనుమానం" అని డాక్టరు రాసి పంపాలి. ఇంకో చిన్న విషయం, చాలా నష్టం చేసేది: ముక్క మొత్తాన్ని ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే రసాయనం) సీసాలో వేసేస్తే కల్చర్ అక్కడితో చచ్చినట్టే. బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో, కల్చర్ ముక్క శుభ్రమైన సెలైన్‌లో వెళ్లాలి. థియేటర్ బయట నిలబడి రెండు సీసాలు బయటికి వచ్చాయా అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

రక్తపరీక్షల్లో బీటా గ్లూకాన్, గెలాక్టోమానన్ అనేవి కొన్ని ఫంగస్‌లకు పనికొస్తాయి. మ్యూకార్‌లో ఆ రెండూ నెగెటివ్‌గానే వస్తాయి. వేలు ఖర్చు పెట్టి నెగెటివ్ తెచ్చుకుని ధైర్యపడితే అంతకన్నా మోసం లేదు. ఎంఆర్ఐ, సీటీ ఎంత లోతుకు వెళ్లిందో చెబుతాయి, సర్జన్‌కు దారి చూపిస్తాయి. అది ఏ ఫంగస్సో చెప్పవు.

కోతా, మందా

"ఆపరేషన్ లేకుండా ఇంజెక్షన్లతో తగ్గదా డాక్టరుగారూ" అని అడగని కుటుంబం ఉండదు. మ్యూకార్ రక్తనాళాల్లోకి దూరి గడ్డలు కట్టిస్తుంది. కాలవకు అడ్డుకట్ట పడితే చివరి మడికి నీరు చేరనట్టే, ఎంత ఖరీదైన మందు సెలైన్‌లో ఎక్కించినా చచ్చిన కండలోకి అది చేరదు. అందుకే చచ్చినదాన్ని తీసేయాలి, రక్తం చిమ్మే బతికిన కండ కనిపించేదాకా. ఒక్కసారితో అయిపోదు. మర్నాడో ఆ మర్నాడో మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్తామంటే తొలిసారి సరిగ్గా చేయలేదని కాదు, ఈ జబ్బుకు పద్ధతే అది.

ఆలస్యం ఖరీదు ఎంతో చెప్పే అంకెలు ఉన్నాయి. 2005లో ప్రపంచవ్యాప్తంగా 929 కేసులను క్రోడీకరించిన సమీక్షలో, జబ్బు చర్మానికే పరిమితమైనవాళ్లలో మరణాలు 10 శాతం. లోపలి కండకు, ఎముకకు దిగాక 26 శాతం. రక్తం ద్వారా ఒళ్లంతా పాకాక 83 శాతం. మందు విషయంలోనూ అంతే. రక్త క్యాన్సర్ రోగుల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో ఆంఫోటెరిసిన్ మొదలుపెట్టడం ఆరు రోజులు దాటితే మరణాలు ఇంచుమించు రెట్టింపయ్యాయి. వాళ్లు షుగర్ రోగులు కారు, అయినా ఫంగస్ ఆగదన్నది ఇద్దరికీ ఒకటే.

వేలు తీయాలా, పాదం తీయాలా, మోకాలి కింద తీయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండో సర్జన్ అభిప్రాయం అడగడం మీ హక్కు. అయితే అది గంటల్లో తేలాలి. ఇంకో ఊరికి రిపోర్టులు పంపి, ఆయన ఎల్లుండి చూస్తానన్నారని ఆగితే కాపాడుకుందామనుకున్న కాలు ఆ రెండు రోజుల్లోనే పోవచ్చు. తీసిన చోట చర్మం అతికించడం, అంటే గ్రాఫ్ట్, ఫంగస్ పూర్తిగా పోయిందని తేలాకే. ఆ తొందర మాత్రం పడొద్దు. హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో ఆక్సిజన్ ఇవ్వడం) గురించి ఎవరైనా చెబితే, దానికి గట్టి ఆధారాలు లేవు. కోతకు, మందుకు తోడుగా అయితే సరే, వాటి బదులుగా వద్దు.

మందులు

మొదట పనిచేయనివి. ఫ్లూకొనజోల్ మ్యూకార్ మీద పనిచేయదు. వోరికొనజోల్ ఆస్పర్జిల్లస్‌కు గొప్ప మందు, మ్యూకార్‌కు పనికిరాదు. పరీక్ష చూడకుండా "ఫంగస్ మందు మొదలుపెట్టాం" అన్నారంటే ఏ మందో పేరు అడగాలి.

ప్రపంచ మార్గదర్శకాలు మొదటి ఎంపికగా చెప్పేది లిపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి. మోతాదు సాధారణంగా రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అవసరమైతే ఇంకా ఎక్కువ. 60 కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. ఒక్కో వయల్ వేలల్లో ఉంటుంది, ఇది వారాల తరబడి సాగుతుంది. లెక్క మీకే తెలుస్తుంది.

దానికన్నా ఎన్నో రెట్లు చవకది పాత రకం, డీఆక్సికొలేట్ ఆంఫోటెరిసిన్. కిలోకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇస్తారు, రోజుకు రెండు వయల్స్‌లోపు సరిపోతుంది. ఫంగస్‌ను చంపడంలో ఇది చేతకానిదేమీ కాదు. కిడ్నీలనే కొడుతుంది. ఎక్కించేటప్పుడు చలి, వణుకు, జ్వరం కూడా ఎక్కువ. పది పదిహేనేళ్ల షుగర్‌తో అప్పటికే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగి ఉన్న మనిషికి ఇది ఎంచుకోవడం చివరి గత్యంతరమే. కిడ్నీలు బాగున్న మనిషికి, లిపోసోమల్ దొరకని రోజున, ఏ మందూ లేకుండా గడపడం కన్నా ఇది మొదలుపెట్టడం వెయ్యి రెట్లు నయం. 2021లో లిపోసోమల్ కోసం ఊళ్లూళ్లు తిరిగిన రోజుల్లో ఇదే చాలామందికి దిక్కయింది.

ఏ రకమైనా షుగర్ రోగికి ప్రత్యేకంగా మూడు విషయాలు చూసుకోవాలి. ఆంఫోటెరిసిన్‌ను ఉప్పు సెలైన్‌లో కలపకూడదు, 5 శాతం గ్లూకోజ్‌లోనే కలుపుతారు. అంటే రోజూ కొంత గ్లూకోజ్ లోపలికి వెళ్తుంది, ఇన్సులిన్ దానికి తగ్గట్టు పెంచాలి. రెండోది పొటాషియం. ఆంఫోటెరిసిన్ పొటాషియంను, మెగ్నీషియంను మూత్రంలో పోగొడుతుంది, ఇన్సులిన్ కూడా రక్తంలో పొటాషియంను దించుతుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పుతుంది. మొదటి రోజుల్లో పొటాషియం, క్రియాటినిన్ దాదాపు రోజూ చూడాలి. మూడోది, కిడ్నీలను కాపాడడానికి మందుకు ముందు వేరుగా ఉప్పు సెలైన్ ఎక్కిస్తారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది ఎంత అన్నది డాక్టరు చూసి నిర్ణయించాలి, కాబట్టి పాత ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ఉంటే మొదటి రోజే చూపించండి.

ఆంఫోటెరిసిన్ పడనివాళ్లకు, లేదా కొన్ని వారాల తర్వాత ఇంజెక్షన్ ఆపి మాత్రలకు మారేటప్పుడు రెండు దారులు: పోసాకొనజోల్, ఇసావుకొనజోల్. పోసాకొనజోల్‌లో టాబ్లెట్, సిరప్ రెండూ ఉన్నాయి. సిరప్ ఒంటికి పట్టాలంటే కొవ్వున్న భోజనంతో వేసుకోవాలి, గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకా తక్కువ పడుతుంది. నడవగలిగి మింగగలిగినవాళ్లకు టాబ్లెట్టే అడగండి: మొదటి రోజు 300 మిల్లీగ్రాములు రెండుసార్లు, తర్వాత రోజుకు ఒకసారి. దీనితో వచ్చే పెద్ద చిక్కు మిగతా మందులతో గొడవ. షుగర్ ఉన్నవాళ్లలో చాలామంది కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటినో ఇంకో స్టాటినో వేసుకుంటూ ఉంటారు. పోసాకొనజోల్‌తో కలిస్తే స్టాటిన్ రక్తంలో పేరుకుని కండరాలు దెబ్బతింటాయి. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ ఆపించాల్సి వస్తుంది. ఈసీజీలో క్యూటీ (ఎక్కువైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్న కొలత) పెంచుతుంది, కొందరిలో బీపీ పెరిగి పొటాషియం తగ్గుతుంది.

ఇసావుకొనజోల్ ఈ గొడవలు తక్కువగా పెడుతుంది. భోజనంతో పనిలేదు. క్యూటీని పెంచకపోగా కొంత తగ్గిస్తుంది. మొదటి రెండు రోజులు 200 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, తర్వాత రోజుకు ఒకసారి. 2015లో అమెరికాలో మ్యూకార్‌కు అనుమతి వచ్చింది. దానికి ఆధారం 37 మంది రోగుల చిన్న అధ్యయనం, ఆంఫోటెరిసిన్ తీసుకున్న పాత రోగులతో పోలిస్తే ఫలితాలు దాదాపు సమానం. కిడ్నీలు దెబ్బతిని గుండె మందులు చాలా వాడుతున్న మనిషికి, ఖర్చు భరించగలిగితే, నేను ఇటే మొగ్గుతాను. డబ్బు ఇబ్బంది ఉండి, వాడే మందులు తక్కువైతే పోసాకొనజోల్ టాబ్లెట్ చాలు. రెండు మూడు యాంటీఫంగల్స్ ఒకేసారి కలిపి ఇస్తే ఎక్కువ లాభమని గట్టిగా చెప్పే ఆధారం లేదు, బిల్లు మాత్రం రెట్టింపవుతుంది.

వీటన్నిటికీ కింద ఉండేది ఇన్సులిన్. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు నోటి మాత్రలు పక్కన పెట్టి ఇన్సులిన్‌తోనే షుగర్‌ను 140 నుంచి 180 మధ్య నిలపడం మామూలు లక్ష్యం. "ఇన్సులిన్ అలవాటైపోతుంది" అన్న భయంతో ఒప్పుకోని పెద్దవాళ్లకు, గాయం మానాక చాలామంది మళ్లీ మాత్రలకు వస్తారని చెప్పండి. డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్ర వాడుతుంటే చేరిన వెంటనే ఆ సంగతి చెప్పాలి, దాన్ని ఆపేస్తారు. ఏదైనా కారణంతో స్టెరాయిడ్ నడుస్తుంటే డాక్టరుకు చెప్పి తగ్గించేలా చూసుకోవాలి. హఠాత్తుగా సొంతంగా మానేయకూడదు.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జ్ కాగితంలో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూడండి: బయాప్సీలో, కల్చర్‌లో వచ్చిన ఫంగస్ పేరు, మాత్ర ఏ తేదీ దాకా వేసుకోవాలి, మొదటి క్రియాటినిన్, పొటాషియం, లివర్ పరీక్ష ఏ రోజు. గాయం పైన మూసుకోగానే మాత్ర ఆపేసేవాళ్లున్నారు. పైన చర్మం అతుక్కున్నా లోపల మిగిలి ఉందో లేదో స్కాన్‌తో తేల్చాకే డాక్టరు ఆపిస్తారు, దానికి నెలలు పట్టవచ్చు. అన్నాళ్లూ రాసిచ్చిన ట్యూబు తప్ప ఇంకేదీ ఆ గాయానికి తగలనివ్వకండి, వేడినీళ్ల కాపడంతో సహా.